ఎంగిలాకుల గుట్ట

ఆ ఏడు అడవిలో వాన చుక్క రాలలేదు. వాగులు ఎండిపోయాయి, బీళ్లు మాడిపోయాయి. సింహరాజు కాస్త జాలిగుండె వాడు కనుక జొన్నల గాదె తెరిపించి, పొద్దున్నే ఇంటికో దోసెడు గింజలు పంచమన్నాడు. మేక చెంగమ్మ తన ఇద్దరు పిల్లల్నీ ఆ దోసెడుతోనే ఎలాగో నెట్టుకొస్తోంది. సరిగ్గా ఆ గాదె మీదే పడింది మంత్రి గుంటనక్క కన్ను. చెబుతుంటేనే ఒళ్లు మండుతోంది నాకు!

ఒక సంత రోజున నక్క, రాజును వెంటబెట్టుకుని ఎలుగుబంటి జంబులయ్య సంకటి అమ్మే పాక వెనక్కి తీసుకెళ్లింది. అక్కడ ఎంగిలి విస్తరాకులు గుట్టగా పడి ఉన్నాయి.

"చూశారా ప్రభూ! పోయినేడు ఈ గుట్ట నా మోకాలి దాకా కూడా లేదు. ఇప్పుడు నా తల దాటిపోయింది. కరువు కరువంటూ ఏడుస్తారు గానీ, అందరూ విచ్చలవిడిగా ఖర్చు పెడుతున్నారు. తిండికి లేనివాళ్లు హోటళ్ల చుట్టూ తిరుగుతారా? గాదెకు తాళం వేయించండి."

"బేరం బాగా పెరిగిన మాట నిజమే ప్రభూ," అన్నాడు జంబులయ్య చేతులు తుడుచుకుంటూ.

రాజు గుట్టను కింద నుంచి పైదాకా చూశాడు. "అబ్బో, ఇంత తింటున్నారా! అయితే రేపట్నుంచి గాదె మూసెయ్యి."

గుట్ట పక్కన ఆకు నములుతున్న చెంగమ్మ చివ్వున ముందుకొచ్చింది. "గాదె మూస్తే నా పిల్లలు ఏం తిని బతకాలి మహారాజా?"

"చూడండి, ఇక్కడ తింటూనే ఎలా ఏడుస్తోందో!" అంది నక్క.

"నీ నోట మన్ను పడ! నేను తింటున్నది ఎంగిలాకయ్యా, పాయసం కాదు! బయట గడ్డి ఉన్నన్నాళ్లూ మేమెవరమైనా ఈ పాక గడప తొక్కామా? ఇప్పుడు పరక కూడా లేదు గనుక కొనుక్కు తింటున్నాం. ఎద్దు మెడలో మువ్వలు ఇచ్చి తింది. గొర్రె ఒంటి మీది బొచ్చు ఇచ్చి తింది. సరదాకి వచ్చామనుకున్నావా?"

"కట్టుకథలు!" అంది నక్క.

"సరే, మాటలెందుకు? మహారాజా, మంత్రిగారినే ఇక్కడ కూర్చోబెట్టి కడుపునిండా తినమనండి. ఒక్క ఆకుతో లేస్తే నేను నోరు మూసుకుని పోతాను."

తేరగా భోజనం అనేసరికి నక్కకు నోరూరింది. ఇంట్లోనే సుష్టుగా మెక్కే ఆ మహానుభావుడు జంబులయ్య పాకలో ఏనాడూ తిన్న పాపాన పోలేదు. చక్కగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

జంబులయ్య ఆకు వేసి, నిమ్మకాయంత సంకటి ముద్ద పెట్టాడు.

"ఇదేంటి, రుచి చూడ్డానికా?"

"భోజనమే అండీ. కరువు కదా, ఆకుకి ఇంతే. ఇంకా కావాలంటే ఇంకో ఆకు తీసుకోవాలి."

నక్క గుటుక్కున మింగింది. ఇంకో ఆకు వేయించుకుంది. మరొకటి వేయించుకుంది. మెతుకు మిగలకుండా నాకి, ఆకు వెనక్కి విసిరేసి, "తే, ఇంకా తే!" అని అరుస్తోంది. దాని వీపు వెనక ఆకులు పేరుకుపోతున్నాయి.

"కడుపు నిండిందా మంత్రిగారూ?" అని అడిగింది చెంగమ్మ.

"నిండటమా నా మొహమా! ఆకలి ఇంకా పెరిగింది!" అని కసిరింది నక్క.

"విన్నారా మహారాజా? మంత్రిగారి లెక్క ప్రకారం ఈ పూట అడవి మొత్తానికీ కలిగినవాడు ఆయనే. ఎన్ని ఆకులు పడేశారో చూడండి!"

రాజు ముఖం కందగడ్డయింది. ఈలోగా జంబులయ్య నక్క ముందు చెయ్యి చాపాడు. "అయ్యా, ఇన్ని ఆకులకు ఏమిస్తారు?"

"నేనివ్వడమేంట్రా? మంత్రిని!"

"గొర్రె బొచ్చు ఇచ్చిందండీ. తమరి తోకకూ మంచి బొచ్చే ఉంది."

నక్క బిక్కమొహం వేసి రాజు వైపు చూసింది. "ఇవ్వు," అన్నాడు రాజు. "గాదె తెరిచే ఉంటుంది. నీ వాటా మాత్రం ఈరోజుతో బంద్. ఇక నువ్వు రోజూ ఈ పాకలోనే తిను."

జంబులయ్య కత్తెర తెచ్చాడు. బోడి తోకను కాళ్ల సందున దాచుకుని నక్క సంత మధ్య నుంచి నడిచి వెళ్తుంటే, గొర్రె పక్కకు జరిగి మరీ దారి ఇచ్చింది.

నీతి: బేరాలు పెరిగాయని చంకలు గుద్దుకునే ముందు, కొన్నవాడి కడుపు నిండిందో లేదో కనుక్కోండి.