పడటం నేర్పే పంతులమ్మ

బోడికొండ పడమటి చరియ మీద ఎటు చూసినా పాఠాలే. వాగులో నీటికుక్క ఈత నేర్పేది, రెల్లుగడ్డిలో నెమలి ఆట నేర్పేది, నేరేడు కొమ్మల మీద కొండముచ్చు దూకడం నేర్పేది. ఎవరి పాఠం వాళ్ళది, ఎవరి పిల్లలు వాళ్ళవి. అదే ఏనుగుల బడిలోనైతే పిల్లకి దెబ్బ తగిలితే మంద మొత్తం చూసుకుంటుంది. వీళ్ళకి మంద ఎక్కడిది? ఒంటరిగా నేర్పుకునేవాళ్ళకి మంచైనా చెడైనా తమ నెత్తి మీదే.

అందుకని వాళ్ళంతా కలిసి కొండ కింది గుహలో ఒక గాదె పెట్టుకున్నారు. దాన్ని ఆపద గాదె అనేవారు. నేర్పే ప్రతివాళ్ళూ తాము తినేదాంట్లోంచి కొంత తెచ్చి అందులో వేస్తారు. జొన్నలు, ఇప్పపూలు, ఎండుచేపలు, ఎవరికి కలిగింది వాళ్ళు. పాఠంలో ఎవరికైనా దెబ్బ తగిలితే నయమయ్యేదాకా వాళ్ళ తిండి గాదెలోంచే. ఇక పంతులు ఏ జాగ్రత్తా చెప్పకుండా పిల్లల్ని దెబ్బలపాలు చేశాడనుకోండి, అప్పుడు సంగతి వేరు. దెబ్బ తగిలినవాడికి బతికినంతకాలం తిండి, ఆ పంతులుకి బతికినంతకాలం పాఠం బంద్.

మరి గాదెలో ఎవర్ని చేర్చుకోవాలి, ఎవర్ని వద్దనాలి? అది తేల్చే పని పట్టాభి అనే ఉడుముది. అతను స్వయంగా వెళ్ళి చూసి, పూచీ ఇస్తేనే చేర్చుకోవడం. ఉడుంపట్టు సంగతి మీకు నేను చెప్పేదేముంది? పట్టాభికి ఆ పట్టు గోళ్ళలోనే కాదు, మాటలోనూ ఉండేది. ఒక ప్రశ్న పట్టుకున్నాడంటే జవాబు ఊడి వచ్చేదాకా వదలడు. అతను వస్తున్నాడంటే నెమలి ఈకలు సర్దుకునేది, నీటికుక్క వాగు అవతలికి ఈదేసేది.

కొండమేక గిరిజమ్మ కొండ ఎక్కడం నేర్పుతానని గాదెకి కబురు పెడితే, పట్టాభి చూడ్డానికి వెళ్ళాడు. తీరా చూస్తే అక్కడ ఎవరూ ఎక్కడం లేదు. కొండ మొదట్లో వాగు ఇసుకలో కుందేలు పిల్లలూ, ఒక అడవిపంది పిల్లా వరసగా చిన్న గట్టు మీంచి కింద పడుతున్నాయి.

"తల ముడుచుకో, భుజం ఆన్చుకో, దొర్లి లేచి నిలబడు," అంటోంది గిరిజమ్మ. పిల్ల దొర్లగానే, "ఉన్నావా?" అని అడుగుతోంది. "ఉన్నాను పంతులమ్మా," అంటూ ఆ పిల్ల ఇసుక దులుపుకుని లేస్తోంది.

పట్టాభి కళ్ళు చిన్నవి చేశాడు. "పడటం నేర్పుతున్నావంటే వీళ్ళు పడతారని నీకే తెలుసన్నమాట. తెలిసి తెలిసి మా గాదెలో చెయ్యి పెట్టడానికి వచ్చావా?"

"పడతారు బాబూ. కొండన్నాక పడతారు. అసలు పడనే పడరని చెప్పేవాడి దగ్గరికి మీరైతే మీ పిల్లల్ని పంపుతారా?"

  పట్టాభి ఇంకో ప్రశ్న పట్టుకున్నాడు. "వాన పడితే ఏ రాయి జారుతుంది?"

"ఆ నల్లరాయి. పొద్దున్నే నేనెక్కి దాని మీద పాచి గీరేసి వస్తాను. వాన పడిన రోజు పాఠం ఇసుకలోనే, కొండ మీదికి తీసుకెళ్ళను."

"ఆకలితో వస్తే?"

"ముందు మేత, తర్వాత పాఠం. ఖాళీ కడుపైతే కాళ్ళు వణుకుతాయి."

"పాత దెబ్బ ఉండి దాచిపెడితే?"

"వాళ్ళు వచ్చే దారిలో నిలబడి నడక చూస్తాను. నోటితో ఎన్నయినా దాస్తారు గానీ నడక దాచలేరు బాబూ."

ఈవిడ దగ్గర జవాబు లాగి ఊడబీకే పనే లేదు, అడగ్గానే చేతికి అందుతోంది. అయినా పట్టాభి పట్టాభే. "నేను పడి చూస్తే గానీ పూచీ ఇవ్వను," అని గట్టెక్కాడు.

ఎక్కాడే గానీ పడలేకపోయాడు. గోళ్ళు గట్టుని పట్టుకుని వదలవు. పుట్టి బుద్ధెరిగాక దేన్నీ వదిలిన ప్రాణం కాదాయె. కుందేలు పిల్లలు మూతులు మూసుకుని నవ్వుతున్నాయి. గిరిజమ్మ మాత్రం నవ్వలేదు. "పడాలంటే ముందు వదలాలి బాబూ. కింద ఇసుకే ఉంది, నేనున్నాను," అంది. చివరికి ఎలాగో కళ్ళు మూసుకుని వదిలాడు. దొర్లాడు. నోటినిండా ఇసుక.

"ఉన్నారా?" అని వినబడింది.

"ఉన్నాను పంతులమ్మా," అన్నాడు.  ఇన్నేళ్ళుగా ఊరందర్నీ తను అడగడమే తప్ప, ఉన్నావా అని తనని అడిగినవాళ్ళు లేరు. ఆ పూటే పూచీ ఇచ్చాడు. గిరిజమ్మలాంటి పంతులమ్మని ఈ కొండ మీద చూడలేదని కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుంటూ తిరిగాడు.

ఇదిలా ఉండగా, గాదెలోని ఎండుచేపల వాసన జంబులింగం ముక్కుకి సోకింది. జంబులింగమంటే ముదురు నక్క. పని చేయకుండా కడుపు నింపుకునే మార్గం ఎక్కడున్నా వాసన పట్టేస్తాడు. వచ్చి గిరిజమ్మకి వంగి దండం పెట్టాడు.

"నాకూ కొండెక్కాలని ఉంది పంతులమ్మా. కాకపోతే పెద్దవాణ్ణి, పిల్లల ముందు పడితే పరువేం కాను? అందరూ కునుకు తీసే మధ్యాహ్నంపూట నాకొక్కడికే చెప్పు."

గిరిజమ్మ సరేనంది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, జంబులింగం మంచి శిష్యుడు. బాగా పడేవాడు, బాగా దొర్లేవాడు, ఉన్నావా అంటే తడుముకోకుండా పలికేవాడు. "నీ అంత చక్కగా దొర్లేవాడు లేడు," అని గిరిజమ్మ మెచ్చుకుంది కూడా.

తర్వాత ఒకనాడు కొండ మొదట్లో ఒకటే మూలుగు. జంబులింగం వెనక కాలికి చెట్టుబెరడు చుట్టుకుని కూలబడి ఉన్నాడు. "మొదటి రోజే నన్ను శిఖరానికి ఎక్కించింది. ఇసుకా లేదు, దొర్లడమూ లేదు, ఒక్క జాగ్రత్త చెబితే ఒట్టు. కాలు విరిగింది. ఇక నా బతుకు గాదె పాలే."

పంచాయితీ కూర్చుంది. దానికి పెద్ద, అడవిదున్న భీమప్ప. కాలు చూద్దామని ఎవరు దగ్గరికి వెళ్ళినా నక్క చెవులు చిల్లులు పడేలా ఊళ పెడుతున్నాడు.

"ఏమంటావమ్మా?" అన్నాడు భీమప్ప.

"నేర్పాను," అంది గిరిజమ్మ. "అందరికీ ఎలా నేర్పానో ఇతనికీ అలాగే."

"చూసినవాళ్ళు?"

చూసినవాళ్ళెవరు? ఊరంతా కునుకు తీసే వేళాయె. నిప్పు లేనిదే పొగ రాదంటూ కుందేలు తల్లి తన పిల్లల్ని దగ్గరికి లాక్కుంది. అది చూసి గిరిజమ్మ తల దించుకుంది. కొండ మీద పాఠం పోతుందన్న భయం కన్నా ఆ తల్లి చూపే ఆవిడని ఎక్కువ బాధ పెట్టింది.

"పూచీ ఇచ్చింది నువ్వే కదా పట్టాభీ. నువ్వే తేల్చు," అన్నాడు భీమప్ప.

పట్టాభి లేచాడు. "పడ్డ చోటు చూస్తే తేలుతుంది. జంబులింగం, అదిగో ఆ గట్టెక్కి అక్కణ్ణించి చూపించు."

"కుంటికాలితో ఎలా ఎక్కేదన్నా?"

"నా తోక నోట పట్టుకో. నేను లాక్కెళ్తాను. వెనకటికి కోటగోడలెక్కడానికి మా తాతల నడుములకి తాళ్ళు కట్టేవారట. దొంగల్ని మోయడం మా వంశానికి కొత్త కాదులే."

అందరూ నవ్వారు. ఉడుంపట్టు మీద లోకానికున్న నమ్మకం జంబులింగానికీ ఉంది. తోక కరచుకున్నాడు. పట్టాభి గట్టుని గోళ్ళతో పట్టుకుని ఒక్కో అడుగే ఎక్కాడు. అంచు దగ్గర ఆగి కిందికి చూశాడు. మెత్తటి ఇసుక, ఒక్క రాయి లేదు, కుందేలు పిల్లలు పడే ఎత్తే. ఇతని కాలు నిజంగానే విరిగుంటే ఆ పాపం నాది, జీవితాంతం నా తిండి ఇతనికే అనుకున్నాడు. పడాలంటే ముందు వదలాలి అన్న మాట గుర్తుకొచ్చింది.

వదిలేశాడు.

ఇద్దరూ దబ్బున వెళ్ళి ఇసుకలో పడ్డారు. దుమ్ము లేచి ఏమీ కనబడలేదు. గిరిజమ్మ ఆలోచించలేదు. పడిందెవరో, వాళ్ళలో ఒకడు తన బతుకు తీయడానికి వచ్చినవాడని కూడా చూడలేదు. ఆదుర్దాగా పరిగెత్తుకొచ్చి అడిగింది.

"ఉన్నారా?"

"ఉన్నాను పంతులమ్మా."

దుమ్ములోంచి వచ్చినవి రెండు గొంతులు.

దుమ్ము అణిగింది. జంబులింగం నాలుగు కాళ్ళ మీదా నిక్షేపంగా నిలబడి ఉన్నాడు. తల లోపలికి ముడిచి ఉంది, భుజం మీద ఇసుక అంటి ఉంది. చెట్టుబెరడు అల్లంత దూరాన పడి ఉంది. అప్పుడు గానీ తను నోరు జారానని అతనికి తెలియలేదు. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా నిలబడిపోయాడు.

"నయమైపోయిందే," అన్నాడు భీమప్ప. "ఒక్క దొర్లుతో విరిగిన కాలు అతుక్కుందంటే పాఠం గొప్పదే మరి. ఇక దయచెయ్యి. ఈ కొండ మీద నీకు పాఠమూ లేదు, గాదెలో తిండీ లేదు."

జంబులింగం తోక ముడుచుకుని వెళ్తుంటే గిరిజమ్మ వెనకనుంచి అతన్నే చూస్తూ, "కుడి భుజం ఇంకాస్త వంచాలి. లేకపోతే ఎప్పటికైనా మెడకి తగులుతుంది," అంది. అతను వెనక్కి తిరగలేదు గానీ, నడుస్తూనే ఆ భుజం వంచి చూసుకున్నాడు.

కుందేలు తల్లి తన పిల్లల్ని మెల్లగా గిరిజమ్మ వైపు తోసింది.

"పుట్టాక దేన్నీ వదలనివాడివి, ఇవాళ ఎలా వదిలావయ్యా?" అన్నాడు భీమప్ప.

"పంతులమ్మ నేర్పారు," అన్నాడు పట్టాభి, మీసాలు లేకపోయినా మెలేస్తున్నట్టుగా.

నీతి: నోరు ఎన్ని అబద్ధాలైనా ఆడుతుంది, మనసు పెట్టి నేర్పిన విద్య మాత్రం గురువు పిలిస్తే పలుకుతుంది.