రెండో విస్తరి

అనగా అనగా, ఉప్పు తప్ప ఇంకో గింజ పండని ఊరొకటి సముద్రం ఒడ్డున ఉండేదిట. ఊ కొట్టండి. మీరు ఊ కొట్టకపోతే ఎవరికి చెప్తున్నానో తెలీక నాకే నిద్రొస్తుంది. పొద్దుట్నుంచీ పప్పు విసిరి విసిరి రెక్కలు పడిపోయి ఉన్నాయి. ఒరేయ్ శ్రీధరూ, ఆ కాళ్ళు ముడుచుకో, చెల్లి మీద వెయ్యకు. ఆఁ, అలాగ.

ఆ ఊళ్ళో కూర్మయ్య, నీలమ్మ అని మొగుడూ పెళ్ళాలు. ముప్ఫై ఆరేళ్ళ కాపురం. ఇద్దరు కూతుళ్ళు, ఇద్దరికీ పెళ్ళిళ్ళయి ఎవరి ఊళ్ళు వాళ్ళు పోయారు. వీళ్ళిద్దరూ ఉప్పు మళ్ళల్లో పని చేసుకునేవారు. ఆయన మడిలో దిగి ఉప్పు గోకేవాడు, ఆవిడ తట్టకెత్తి గట్టు మీద కుప్ప పోసేది. ఆయన గోకడం, ఆవిడ ఎత్తడం. ఆయన గోకడం, ఆవిడ ఎత్తడం. అలా గోకీ ఎత్తీ గోకీ ఎత్తీ ముప్ఫై ఆరేళ్ళు అయిపోయాయి. మాటలు కూడా పెద్దగా ఉండేవి కావు. ఎండలో మాటలెవడికి కావాలి?

ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉండేది. మొగుడు తిన్నాకే పెళ్ళాం తినాలి. అది కూడా ఆయన తిని లేచిన విస్తట్లోనే తినాలి. ఆయన తినకుండా ఈవిడ నోట్లో మెతుకు పడకూడదు. ఎవరు పెట్టారమ్మమ్మా ఆ పద్ధతి అంటావా? నాకేం తెలుసు. ముందు తినేవాళ్ళెవరో పెట్టి ఉంటారు. నీలమ్మ కాపురానికొచ్చిన రోజున అత్తగారు ఆ మాట చెప్పింది, నీలమ్మ ఊ అంది. ఆ ఒక్క ఊ ముప్ఫై ఆరేళ్ళు నడిచింది. మీరేమో కథకి కూడా ఊ కొట్టరు.

ఒకరోజు మధ్యాహ్నం కూర్మయ్య అన్నం తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, కండువా భుజాన వేసుకున్నాడు. వేసుకుని, నేను వెళ్ళిపోతున్నానే అన్నాడు. మడికా అంది నీలమ్మ. మడికి కాదు, ఇంట్లోంచే అన్నాడు. నువ్వు చేసిన తప్పేం లేదు, నీ మీద కోపమూ లేదు, నాకే ఇక్కడ ఉండబుద్ధి కావడం లేదు, ఇంక రాను అన్నాడు. ఆ మాట నీలమ్మ చెవిలో పడింది గానీ బుర్రలోకి వెళ్ళలేదు. సాయంత్రానికి చేపల పులుసు పెట్టనా, చారు పెట్టనా అని అడిగింది. పిచ్చిది. ఆయన గడప దాటాడు, గట్టు దాటాడు, ఏరు దాటాడు. ఏటికి అవతల తాటాకుల పాక ఒకటి వేసుకుని అక్కడే ఉండిపోయాడు.

ఊరన్నాక ఊరుకుంటుందా? అవతల ఎవరో ఉందిట అన్నారు కొందరు. అబ్బే, ఎవరూ లేరు, ఒక్కడే ఉన్నాడు అన్నారు కొందరు. ఎవరో ఉందన్నప్పుడు నీలమ్మకి మండిపోయింది. ఎవరూ లేరన్నప్పుడు మరీ కుంగిపోయింది. ఎవత్తె కోసమో పోతే తిట్టుకోవడానికి ఒక మనిషైనా ఉండేది. ఎవరూ లేకుండా, ఊరికే, తన దగ్గర ఉండలేక పోవడమేమిటి? అన్నేళ్ళూ తన పక్కన నడిచిన మనిషి మనసులో ఏముందో ఒక్కనాడైనా తెలీలేదేమిటి? ఇదే ఆలోచన. పొద్దున్న లేస్తే అదే, పడుకుంటే అదే.

సరే, ఆలోచన ఆలోచనే, పొయ్యి పొయ్యే కదా. మర్నాడు మధ్యాహ్నం నీలమ్మ వండింది, వార్చింది, వడ్డించింది, కూర్చుంది. ఎవరికి వడ్డించింది? ఆయనకే. విస్తరి వేసి, అన్నం పెట్టి, పప్పు వేసి, పక్కన చెంబుతో నీళ్ళు పెట్టి, వస్తాడని కూర్చుంది. అన్నం చల్లారింది, పప్పు గడ్డకట్టింది, చీమలు వచ్చాయి. ఆయన రాలేదు. ఆయన తినలేదు కనక ఈవిడా తినలేదు. ఆ అన్నం కుక్కకి వేసింది.

ఇంకో రోజు. వండింది, వార్చింది, వడ్డించింది, కూర్చుంది. రాలేదు. కుక్కకి వేసింది. మూడో రోజుకి కళ్ళు తిరిగి గోడ పట్టుకుంది. కాస్త మజ్జిగ తాగింది. తాగడం తినడం కాదు కదా అని తనకి తనే సర్దిచెప్పుకుంది. కుక్క మాత్రం భలే ఒళ్ళు చేసింది.

ఊ కొడుతున్నారా, పడుకున్నారా? ఊ అను.

ఇలా అయితే చచ్చిపోతావే, ఏదైనా దారి చూడు అన్నారు ఇరుగూ పొరుగూ. చూద్దామని బయల్దేరింది. పూసలమ్మేదాన్ని అడిగితే తాయెత్తు కట్టేవాడి దగ్గరికి పొమ్మంది. తాయెత్తు కట్టేవాడు సోదె చెప్పేదాని దగ్గరికి పొమ్మన్నాడు. సోదె చెప్పేది కొండ మీది పూజారి దగ్గరికి పొమ్మంది. మూడు రోజుల ఉపవాసంతో కొండెక్కితే, పూజారి కళ్ళు మూసుకుని తెరిచి, ఆయనే వస్తాడు, నువ్వు ఇంటికి పోయి వంట చెయ్యమ్మా అన్నాడు. ఎక్కడ బయల్దేరిందో అక్కడికే వచ్చిపడింది. సలహాలు ఎప్పుడూ ఇంతే, చుట్టూ తిప్పి మన పొయ్యి దగ్గరే దింపుతాయి.

ఇంటికొచ్చింది. వండింది, వార్చింది, వడ్డించింది, కూర్చుంది. కూర్చున్నది కూర్చున్నట్టే గుమ్మానికి ఆనుకుని నిద్రపోయింది. లేచి చూస్తే ఏముంది, విస్తరి ఖాళీ! కుక్క తిన్నట్టు చెల్లాచెదురుగా లేదు. శుభ్రంగా, మనిషి తిన్నట్టుగా, మెతుకు మిగల్చకుండా తిన్నారు. చెంబులో నీళ్ళు కూడా లేవు.

నీలమ్మ మొహం చూడాలి అప్పుడు. వచ్చాడు! నా మొహం చూడ్డానికి సిగ్గుపడి, నేను నిద్రపోయేదాకా ఆగి, తిని వెళ్ళిపోయాడు! అనుకుంది. ఆ విస్తట్లోనే ఇంత అన్నం పెట్టుకుని, నాలుగు రోజుల ఆకలి ఆవురావురుమంటూ తింది. ఇంక రోజూ అదే. వడ్డించేది, వాకిట్లోకి పోయి ఇంటికి వీపు పెట్టి కూర్చునేది. కాసేపు ఆగి లోపలికెళ్తే విస్తరి ఖాళీ. ఎదురుగా రాకపోతే మానె, తింటున్నాడు కదా, అదే పదివేలు అనుకునేది. ఊళ్ళోవాళ్ళు, అదేమిటే, మీ ఆయన మధ్యాహ్నమంతా ఏటవతల వల అల్లుకుంటూ కనిపిస్తుంటాడు కదా అంటే, మీకేం తెలుసు, ఊరుకోండి అనేది. నమ్మకం అంటే అలాంటిది. దానికి కళ్ళుండవు, ఆకలి మాత్రం ఉంటుంది.

ఇలా రెండు నెలలు గడిచాయి. ఒకరోజు నీలమ్మ ఒక్కతే మడిలో గోకి, ఒక్కతే ఎత్తి, ఒళ్ళు హూనమై ఇంటికొచ్చి పప్పు వండింది. వడ్డించి వాకిట్లో కూర్చున్నాక గుండె గుభేలుమంది. ఏం మర్చిపోయిందో చెప్పుకోండి. ఉప్పు! ఊరంతా ఉప్పే, ఇంటి ముందు ఉప్పు కుప్ప, పప్పులో లేదు.

ఇంక చూడు భయం. కూర్మయ్య ఉప్పు తక్కువైతే ఊరుకునే మనిషా? ఒకసారి రవ్వంత తగ్గిందని విస్తరి తీసుకెళ్ళి వాకిట్లో విసిరేసి, రెండు రోజులు పలకలేదు. అయ్యో, ఇంక అలిగి ఈ పక్కకి రాడేమో అనుకుంటూ లోపలికెళ్ళింది. విస్తరి ఖాళీ. నాకినట్టు తిన్నారు.

నీలమ్మ అక్కడే చతికిలబడింది. ఉప్పు లేని పప్పు కిక్కురుమనకుండా తిన్నాడంటే, ఆయన కాదు. ముప్ఫై ఆరేళ్ళు వండి పెట్టిన మనిషికి ఆ మాత్రం తెలీదా? ఆయన రాలేదు. ఒక్కరోజు కూడా రాలేదు. ఇంక రాను అన్నాడు, రాలేదు, అంతే. అప్పుడు ఏడ్చింది నీలమ్మ. వెళ్ళిపోయినరోజు ఏడవలేదు, ఆకలితో కళ్ళు తిరిగినరోజు ఏడవలేదు, ఈ రోజు ఖాళీ విస్తరి ముందు కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. నేనైనా ఏడుద్దును.

మరి తింటున్నదెవరు? ఆ, ఇప్పుడు లేచారూ! మర్నాడు వడ్డించి వాకిట్లోకి పోలేదు. విస్తరికి ఎదురుగానే మఠం వేసుకుని కూర్చుంది. సరిగ్గా మిట్ట మధ్యాహ్నం, నీడ కాళ్ళ కింద పడే వేళకి, పైన చూరులో కదలిక. వాసం పట్టుకుని జరజరా దిగింది ఒక దయ్యం. ఆడదయ్యం. కాళ్ళు వెనక్కి, జుట్టు ముందుకి, డొక్కలు లోపలికి. దిగి, నీలమ్మని చూసి, కెవ్వుమని అరిచింది. అవును, దయ్యమే అరిచింది! నీలమ్మ అరవలేదు. భయపడ్డానికి కూడా ఒంట్లో ఓపిక ఉండాలి కదర్రా. ఆవిడకి ఆ ఓపిక ఎక్కడిది? ఎవరే నువ్వు, నా మొగుడి అన్నం తింటున్నావు అని మాత్రం అడిగింది.

దయ్యం గోడకి అతుక్కుని చెప్పుకొచ్చింది. ఇదివరకు ఈ చోటులో దాని గుడిసె ఉండేదిట. దాని మొగుడూ ఒకనాడు తిని, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడుట. అదీ వండింది, వార్చింది, వడ్డించింది, కూర్చుంది. ఆయన తినకుండా నేనెలా తినను అని అలా కూర్చుని కూర్చుని, వడ్డించిన విస్తరి ముందే ప్రాణం పోయిందిట. యముడు లెక్క అడిగి, ఎదురుగా అన్నం పెట్టుకుని ఆకలితో చచ్చావా, ఇలాంటిదాన్ని ఏ గదిలో పెట్టాలో నాకు తెలీదు, పో, ఎవరైనా వడ్డించి వదిలేసిన విస్తళ్ళు తింటూ అక్కడే పడి ఉండు అని వెనక్కి పంపేశాడుట.

చెప్పడమంతా అయ్యాక ఆ దయ్యం నీలమ్మని ఎంతో ప్రేమగా చూసింది. నువ్వేం దిగులు పడకు, చూరులో నా పక్కన చోటు ఊడ్చి పెట్టాను, ఇలాగే ఎదురుచూస్తూ ఉండు, తొందర్లోనే వచ్చేస్తావు, ఇద్దరం కలిసుందాం అంది.

నీలమ్మ తలెత్తి చూరు వైపు చూసింది. నిజంగానే, బూజు దులిపి, ఒక మనిషి కూర్చునేంత చోటు శుభ్రంగా ఉంది. చాలాసేపు చూసింది. ఒళ్ళంతా అలసట. వెళ్ళి కూర్చుంటే పోలేదా అని ఒక్క క్షణం అనిపించింది కూడా. అనిపిస్తుందమ్మా, అబద్ధమెందుకు.

అప్పుడు లేచింది. వడ్డించి ఉన్న విస్తరి, ఇది నీకే అని దయ్యం ముందుకి జరిపి, ఇంకో విస్తరి తెచ్చి దాని పక్కనే వేసింది. కుండలోంచి పొగలు కక్కుతున్న అన్నం పెట్టుకుంది, పప్పు వేసుకుంది, కలిపింది. చెయ్యి నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ఎవరూ తినకుండా తను తినడం ఎప్పుడూ లేదు కదా. దయ్యం ఊపిరి బిగపట్టి చూస్తోంది, దానికి ఊపిరి లేకపోయినా సరే. కళ్ళు గట్టిగా మూసుకుని నీలమ్మ ముద్ద నోట్లో పెట్టుకుంది. నోరు చుర్రుమంది! అబ్బ, అన్నం ఇంత వేడిగా ఉంటుందా అంది. అన్నేళ్ళు అన్నం వండి, వేడన్నం ఎలా ఉంటుందో ఆవిడకి తెలీదర్రా. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, మింగింది. ఇంకో ముద్ద కలిపింది. పక్కన దయ్యం కూడా గబగబా కూర్చుని తినడం మొదలెట్టింది. ఇద్దరూ మాట్లాడకుండా తిన్నారు. తినడం అయ్యాక దయ్యం తేన్చింది. ఒకరి కోసం వడ్డించింది తిన్నన్నాళ్ళూ నిండని కడుపు, తన కోసం వడ్డించింది తింటే ఒక్కపూటకే నిండింది. మంచినీళ్ళు తాగి, నీలమ్మ తల ఒకసారి నిమిరి, ఎటు పోయిందో పోయింది. మళ్ళీ కనపడలేదు.

దుఃఖం మాత్రం దయ్యంతో పోలేదు. అది అంత తేలిగ్గా పోదు. మళ్ళల్లో ఒక్కతే గోకుతూ ఎత్తుతూ ఉన్నప్పుడు, ఎదురుగా ఎవరూ లేని మడి చూసి నీలమ్మ తట్ట దించి గట్టు మీద కూలబడేది. మధ్యాహ్నమయ్యేసరికి మాత్రం ఇంటికొచ్చి, ఒక్క విస్తరి వేసుకుని, వేడివేడిగా తినేది. నడుం నొప్పిగా ఉన్న రోజూ తినేది, ఏడ్చిన రోజూ తినేది. ఎవరు పోయినా ఆకలి పోదర్రా. నాకు తెలిసిన నీతి అదొక్కటే, ఇంకేం అడక్కండి.

కూర్మయ్య వచ్చాడా అంటావా? వచ్చాడు. వానాకాలం ముందు ఒక మధ్యాహ్నం, చిక్కిపోయి, గడ్డం మాసి, గుమ్మంలో నిలబడ్డాడు. నీలమ్మ అప్పుడే మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. ఇదివరకైతే ఉలిక్కిపడి లేచి చేతులు కడుక్కునేది. ఇప్పుడు లేవలేదు. ఆయన తలొంచుకుని, ఏమే, మళ్ళీ వచ్చెయ్యనా అన్నాడు. నీలమ్మ ఆయన్ని చూసింది, కోపంగా కాదు, ప్రేమగా కాదు, అలసటగా చూసింది. ముద్ద నమిలింది. మింగింది. అక్కడ కూర్చో, నేను తిన్నాక చెప్తాను అంది.

తిన్నాక ఏం చెప్పిందా? చిన్నప్పుడు మా అమ్మమ్మని నేనూ అదే అడిగాను. ఆవిడింకా తింటోందే అంది మా అమ్మమ్మ. కథ కంచికి పోతే పోనీ, మనం దుప్పట్లోకి పోదాం. నీలమ్మని మాత్రం కంగారు పెట్టకండి, నెమ్మదిగా తిననివ్వండి.