బట్టీలో ఇంకా చోటుంది

అనగనగా సముద్రపొడ్డున ఒక సరుగుడు తోట. పేరుకే తోట, లోపలికి పోతే అడవే. ఆ తోట నడుమ పాడుబడ్డ ఇటుక బట్టీ ఒకటి ఉండేది. మిట్టమధ్యాహ్నం ఆ వైపు ఎవరూ వెళ్ళేవారు కాదు. ఎందుకంటారా? చెప్తాను కదా, తొందరెందుకు? ఊఁ కొట్టడం మాత్రం మానకండి. ఊఁ ఆగితే కథా ఆగుతుంది.

తోట పక్కనే సన్యాసమ్మ అనే ముసలావిడ ఎండుచేపలు అమ్ముకుంటూ బతికేది. ఆమెకి తెల్లమూతి అనే పిల్లి, గోధుమడు అనే కుక్క ఉండేవి. మనిషి మంచిదే. తాను తినే ముందు వాటికి పెట్టేది. కానీ తెల్లమూతి పిల్లల్ని పెట్టిందంటే మాత్రం ఆమెకి దిక్కు తోచేది కాదు. ఇన్ని కూనల్ని ఎలా సాకను అని బెంగ. పిల్లిని చంపితే మహాపాపం అని భయం. అందుకని కూనల్ని చేపలబుట్టలో వేసుకుని పాత బట్టీలో వదిలేసి వచ్చేది. ఎవరైనా అడిగితే, "నానేటి సంపేసినానా? ఇడిసినాను. బతికితే బతుకుతాయి," అనేది.

కళ్ళు కూడా సరిగ్గా తెరవని కూనలు. ఎలా బతుకుతాయి? మీరే చెప్పండి.

మొదటి కాన్పు అలా పోయింది. రెండోదీ పోయింది. మూడో కాన్పు నాటికి తెల్లమూతి ఎముకల గూడైపోయింది.

ఆ రోజుల్లోనే ఊళ్ళోకి పశువుల డాక్టరమ్మ వచ్చింది. కుక్కలకీ పిల్లులకీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేస్తానంది. గోధుమడు రోజూ ఎక్కడో కొట్లాడి రక్తాలతో వస్తున్నాడని సన్యాసమ్మ వాడికి సరేనంది. పిల్లి మాట ఎత్తేసరికి చెంపలు వేసుకుంది. ఆడదాని కడుపు కోయించిన పాపం తనకొద్దని తలుపేసుకుంది.

తెల్లమూతీ భయపడింది. ఆపరేషన్ అయిందని గుర్తుగా చెవి కొన కత్తిరించి పంపిన గోధుమణ్ణి చూసి దూరం జరిగింది.

"భయపడకమ్మా చెల్లీ," అన్నాడు గోధుమడు. "వాళ్ళు నాలోంచి తీసింది కాసింతే. ఆడకుక్కల వెంట పడి రోడ్లు దాటడం, కాట్లు తినడం, ఆ పిచ్చంతా దాంతోపాటే పోయింది. ఇప్పుడు తిని హాయిగా పడుకుంటున్నా. కూనలు పాలు మరిచాక నువ్వూ చేయించుకో."

తెల్లమూతి వింటేనా? పిల్లుల జాతిలో ఒక ఆచారం ఉంది. కూనల్ని ఏడిళ్ళు తిప్పితే వాటికి ఏ దిష్టీ తగలదని నమ్మకం. సన్యాసమ్మ బుట్ట తీసేలోగా తన మూడు కూనల్నీ తప్పించాలనుకుంది. ఒక్కొక్కదాన్నే మెడ దగ్గర కరుచుకుని వలల కుప్పలోకి మార్చింది. అక్కడ చీమలు పట్టాయి. పడవ కిందకి మార్చింది. అక్కడికి కాకులొచ్చాయి. అలా చోటు మీద చోటు మార్చి, ఆరోసారి కట్టెల మోపు వెనక్కి చేరింది. అక్కడ గండుపిల్లి గుర్రుమంది. ఇక మిగిలింది ఒక్క చోటే. ఒక కూనను కరుచుకుని, మిగతా రెండింటి కోసం మళ్ళీ రావచ్చనుకుని, మిట్టమధ్యాహ్నం పాత బట్టీలో అడుగుపెట్టింది.

బయట ఎండ మాడ్చేస్తోంది. లోపల చల్లగా ఉంది. అంత చల్లదనం మంచిది కాదర్రా. సరుగుడు చెట్ల హోరు కూడా లోపలికి రావడం లేదు. మసిబట్టిన గోడల వెంట చిన్న చిన్న కళ్ళు. ఒక్కటీ రెప్ప వేయడం లేదు. ఆకలని ఏడవడం లేదు. పాలకోసం రావడం లేదు.

"అమ్మా, వచ్చావా? రా. మేం జరుగుతాం," అన్నాయి, అన్నీ ఒకే గొంతుతో.

చప్పుడు లేకుండా జరిగాయి. వాటి మధ్య ఒక కూన పట్టేంత చోటు ఏర్పడింది.

తెల్లమూతి వెనక్కి జరిగింది. నోట్లోని కూనను కాళ్ళ మధ్య దాచుకుని, తను ఉంచి పోవడానికి రాలేదని, ఇంకా ఇద్దర్ని తేవాలని చెప్పింది.

"వాళ్ళు ముందే వచ్చేశారు కదమ్మా," అన్నాయి కళ్ళు. "గండుపిల్లి పంపేసింది. ఇదిగో, ఇక్కడున్నారు."

గోడ చివర కొత్తగా రెండు జతల కళ్ళు. వాటి కింద తెల్లటి మూతులు.

ఆ తల్లి అరిచిన అరుపు తోటంతా వినిపించింది. పిల్లి కనబడక వెతుక్కుంటున్న సన్యాసమ్మను గోధుమడు వాసన పట్టి అప్పుడే అక్కడికి తీసుకొచ్చాడు. ఆమె వంగి లోపలికి చూసింది. కళ్ళన్నీ ఆమె వైపు తిరిగాయి.

"అవ్వా, నువ్వా? మాకు నీ మీద కోపం లేదు. బుట్ట ఏదీ? ఎందరినైనా తెచ్చుకో. ఇంకా చోటుంది."

తిట్టి ఉంటే తట్టుకునేదేమో. కోపం లేదన్న మాటని ముసలిది తట్టుకోలేకపోయింది. అక్కడే కూలబడి గుండెలు బాదుకుంది. తెల్లమూతి బతికున్న ఒక్క కూననూ తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టింది.

"అవ్వా, నేను కంటూనే ఉన్నాను. నువ్వు మోస్తూనే ఉన్నావు. ఇద్దరం కలిసే వీళ్ళని ఇక్కడికి చేర్చాం. నన్ను డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపో," అంది.

సన్యాసమ్మ కళ్ళు తుడుచుకుని లేచింది. కూనను కొంగులో చుట్టుకుంది. పిల్లిని చంకనెత్తుకుంది. గోధుమడు ముందు నడిచాడు. వెనక నుంచి ఎవరూ పిలవలేదు.

కూన పాలు మరిచాక డాక్టరమ్మ తెల్లమూతికి ఆపరేషన్ చేసింది. కుట్లు మానేదాకా సన్యాసమ్మ దాన్ని గడప దాటనివ్వలేదు. వానలు పడేనాటికి పిల్లికి ఒళ్ళొచ్చింది, బొచ్చు నిగనిగలాడింది. గండుపిల్లుల అరుపులూ కొట్లాటలూ ఆ పెరట్లో మళ్ళీ వినబడలేదు. ఆడపిల్లి కడుపు కోయించిందని పొరుగు ఆడవాళ్ళు మూతి విరిచారు. సన్యాసమ్మ వాళ్ళతో వాదించలేదు. "మిట్టమద్దినేళ ఒక్కసారి ఆ బట్టీ దాకా ఎళ్ళి రండి. అప్పుడు సెప్పండి," అంది.

ఆ కూన పెద్దదయ్యాక దాన్నీ తనే చంకనెత్తుకుని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. దానికి పైడి అని పేరు పెట్టుకుంది. తెల్లమూతి కన్నవాటిలో పేరు పెట్టేదాకా బతికింది అదొక్కటే.

నీతి: పుట్టినదాన్ని సాకలేక వదిలేయడం కూడా చంపడమే. సాకలేనప్పుడు పుట్టకుండా చూడటమే అసలైన దయ.