సగం ముంత మజ్జిగ

వేసవంతా రాజుగారి కొలువులో వేలాడే పంకాను గోడ అవతల మండుటెండలో నిలబడి పైడమ్మ తాడుతో లాగేది. కూలి రోజుకో ముంత మజ్జిగ. ఒకరోజు దివాను కొత్త లెక్క తెచ్చాడు.

"ఎంత లాగిందన్నది కాదు, రాజుగారికి ఎంత చల్లదనం తగిలిందన్నదే లెక్క. ఇవాళ సగమే తగిలింది. దీనికి సగం ముంత మజ్జిగే పోయండి."

అది విని పైడమ్మ తాడు వదిలేసి విసవిసా కొలువులోకి వచ్చింది.

"ఏలినవారూ, చేతులు బొబ్బలెక్కేలా నిండుగానే లాగాను. మిగతా సగం గాలి ఎవరు మింగారు? మీ ఉత్తరీయం చెమటతో తడిసింది. పొద్దుట్నించీ పంకాకు అడ్డంగా మీ ముందు నిలబడ్డ దివానుగారి కండువా చూడండి!"

రాజు పట్టి చూశాడు. పొడిగా ఉంది.

"ఏలినవారూ, తాడు ఆయనకివ్వండి. ఆయన నిలబడ్డచోట నేను నిలబడతాను. సాయంత్రం ఆయన లెక్క ప్రకారమే ఆయనకూ సగం ముంత పోయండి!"