గంగులు ఎంచుకున్న రంపం

ఎవరేం అడిగినా అనసూయమ్మగారు వెంటనే జవాబు చెప్పరు. ముందు మజ్జిగ తాగమంటారు. ఆ రోజు భాస్కరం గ్లాసు ముట్టుకోలేదు. అతను పదేళ్లుగా ఆమె దగ్గర చదువుకుంటున్న శిష్యుడు. అతని తమ్ముడు తాగుడులో పడి ఇల్లు గుల్ల చేస్తున్నాడు. ఆదివారం వెళ్లి నిలదీయాలని భాస్కరం నిశ్చయించుకున్నాడు.

"కడుపులో ఉన్నదంతా ఒక్కసారే కక్కేస్తానమ్మా. అంత మొండివాడికి అంత గట్టి మాటే పడాలి కదా?" అన్నాడు.

అనసూయమ్మగారు పెద్ద తుపాను వచ్చిన ఏడాది తనకు జరిగిన సంగతి చెప్పారు.

ఆ ఉదయం పెరటి చింతచెట్టు కూకటివేళ్లతో లేచి వంటగది మీద పడింది. మొద్దుకూ వెనక గోడకూ నడుమ ఆమె చిక్కుకుపోయారు. కాలు కొమ్మ కింద ఇరుక్కుంది. మొద్దు అంతకంతకూ బురదలోకి కుంగుతోంది. కలప అడితిలో కోత పనిచేసే గంగులు రెండు మోటారు రంపాలు తెచ్చాడు. ఒకదాని కోసే పట్టీ పొడవు మూడడుగులు, రెండోదానిది అడుగున్నర. మొద్దు లావు రెండున్నర అడుగులు.

"పెద్దది తియ్యరా, ఒక్క కోతలో అయిపోతుంది!" అని చుట్టూ చేరినవాళ్లు కేకలేశారు. అడితిలో అయితే గంగులు కూడా అదే తీసేవాడు. ఆ రోజు మాత్రం బురదలో బోర్లా పడుకుని, మొద్దు కింది సందులోంచి పిలిచాడు.

"అమ్మా, మొద్దుకు మీరెంత దూరంలో ఉన్నారు?"

"ఆనుకునే ఉన్నాను నాయనా."

మొద్దు దాటి అరడుగు అవతలికి పొడుచుకొచ్చే పెద్ద రంపాన్ని గంగులు లేచి పక్కన పెట్టేశాడు. మొద్దు ఇంకా కుంగకుండా కింద రాళ్లు దోపించాడు. చిన్నదానితో ఇవతల నుంచి కొంత, మొద్దెక్కి పైనుంచి కొంత కోశాడు. అవతలి అంచున మిగిలిన బెత్తెడు మందం మిషను ఆపి, చేతి రంపంతో కోశాడు. రెండు గంటలు పట్టింది. జనం విసుక్కున్నారు, తిట్టారు కూడా. అతను తొందరపడలేదు. కాలి మీది కొమ్మ తొలగించి ఆమెను ఎత్తి బయటికి తెచ్చినప్పుడు చీర మీద రంపపు పొట్టు ఉంది, ఒంటి మీద కొత్త గాయం ఒక్కటీ లేదు.

భాస్కరం మెల్లగా, "అతనికి మీరేమిచ్చారమ్మా?" అని అడిగాడు.

"ఏమివ్వగలను? రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాను. ఇప్పటికీ తలుచుకుంటే కళ్లు చెమరుస్తాయి." ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. "మొద్దు ఎంత లావో ఊరంతా చూసింది నాయనా. దాని వెనక మనిషి ఎక్కడుందో గంగులు ఒక్కడే అడిగాడు."