తోకచుక్క ఎవరిది?

కల్లుగీసే నర్సింగం గౌడుకి చుక్కల పిచ్చి. పొద్దుగూకే వేళ తాటిచెట్టెక్కి లొట్టి కట్టాక కూడా దిగడు, ఆకాశం చూస్తూ అక్కడే ఉండిపోతాడు. ఒక సాయంత్రం చెట్టు మీంచే కేక పెట్టాడు. "తోకచుక్కరోయ్! పడమటివైపు చూడండ్రోయ్!"

ఊరంతా వీధిలోకొచ్చి పడింది. ఆ సందడికి దొరగారూ పల్లకీలో వచ్చి, చూసి మురిసిపోయారు. "దీన్ని ముందు చూసింది మేమే. ఇది మా చుక్క. మా సెలవు లేకుండా ఎవడైనా తలెత్తాడో, కొరడా దెబ్బలే!" అన్నారు.

జనం తలలు దించుకున్నారు. నర్సింగం మాత్రం గబగబా దిగొచ్చి దండం పెట్టాడు.

"చల్లని మాట చెప్పారు దొరా! తోకచుక్క పొడిస్తే కరువో, రోగమో తప్పదని మా ముసలోళ్ళు హడలిపోతున్నారు. ఏదొచ్చినా ఎవర్ని అడగాలో తెలీక చస్తున్నాం. ఇక తమర్నే అడుగుతాం."

దొర మొహం పాలిపోయింది. "ఛీ! ఆ పీడ మాదెందుకవుతుందిరా? ముందు చూసింది నువ్వు! అది నీదే!"

"అందరూ విన్నారుగా!" నర్సింగం ఎగిరి గంతేశాడు. "నా చుక్కే! తలలెత్తండ్రోయ్, తనివితీరా చూడండి! దొరా, తమరికీ సెలవిస్తున్నా, చూసుకోండి!"