కోట వీధిలో చెప్పుల చప్పుడు

ఒకానొక రాజ్యంలో జనమంతా తిరగబడి, రాజుని ఏరు దాటించి వచ్చారు.

కోట వీధిలో ఎవరూ చెప్పులేసుకుని నడవకూడదని ఆ రాజు శాసనం. బయ్యపనాయుడనే సైనికుడు టపటపలాడిస్తూ చెప్పులతోనే నడిచాడు. రాజు అతన్ని ఉరి తీయమన్నాడు. న్యాయాధికారి అక్కమాంబ అటు శాసనాన్నీ, ఇటు ఉరినీ కొట్టేసింది. దాంతో జనానికి ధైర్యమొచ్చింది, బయ్యపనాయుడికి సింహాసనమొచ్చింది.

మొదట్లో "అన్నా అని పిలవండి చాలు" అన్నాడు. నెల తిరక్కుండానే 'ప్రభూ' అనిపించుకున్నాడు. ఆపైన కోట ముందు జనం చెప్పులేసుకుని తిరుగుతుంటే ఆయనకి ఒళ్ళు మండింది.

"ఆ పాత శాసనమే బాగుందయ్యా" అన్నాడు సభలో.

"దాన్ని న్యాయసభ కొట్టేసింది ప్రభూ" అన్నాడు మంత్రి.

"కొట్టేయడానికి వాళ్ళెవరు? ఇకమీదట రాజు మాటని ఎవరూ కొట్టేయకూడదు. ఇదివరకు కొట్టేసినవీ చెల్లవు!"

అక్కమాంబ ఒప్పుకోనంది. ఆవిడని చెరసాలకి నడిపించమన్నాడు.

సభని నవ్వించే గవరయ్య ఇదంతా చూశాడు. ఆవిడ లోపలికెళ్తే ఇక ఈయన్ని ఆపేవాళ్ళుండరు. ఎదురు చెబితే తన తలా ఉండదు. కోట వీధిలో చెప్పులు చేత్తో పట్టుకుని, కాళ్ళు కాలుతుంటే గెంతుకుంటూ వెళ్ళి, ఓ తాడు పట్టుకొచ్చాడు. సభ మధ్యలో కూర్చుని దానికి అరటిపండు రాయడం మొదలుపెట్టాడు.

"ఏంట్రా అది?"

"ఉరితాడు ప్రభూ. తమ మెడ సుకుమారం కదా, గరుగ్గా ఉంటే ఒరుసుకుపోతుంది."

"నా మెడా?"

"పాత రాజుగారు తమరిని ఉరి తీయమన్నారు కదా! కొట్టేసినవి చెల్లవని తమరే సెలవిచ్చారు."

బయ్యపనాయుడు ఉలిక్కిపడ్డాడు. "ఆ ఉరిని నేనే రద్దు చేస్తున్నా!"

"రాజు మాటని ఎవరూ కొట్టేయకూడదు ప్రభూ."

ఆయన చెయ్యి మెల్లగా మెడ మీదికి పోయింది. "మరి కిందటిసారి..."

"అక్కమాంబ గారు కొట్టేశారు."

"ఆవిడేదీ?"

"చెరసాలకి నడుస్తున్నారు. తమరు ఉరికంబానికి వెళ్ళేదీ అటే కదా, దారిలో కలుస్తారు."

బయ్యపనాయుడు తాడు వంక చూశాడు, గవరయ్య వంక చూశాడు. ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని నవ్వాడు. తనే వీధిలోకి పరుగెత్తి అక్కమాంబని వెనక్కి తీసుకొచ్చాడు. చేతి కడియం తీసి గవరయ్యకి తొడిగాడు.

"ఇంకేం కావాలో కోరుకోరా."

"ఎండ మాడ్చేస్తోంది ప్రభూ. చెప్పులేసుకుని ఇంటికెళ్తాను."

"అది నన్నడుగుతావేంట్రా? అమ్మగార్ని అడుగు!"

"వేసుకో నాయనా" అంది అక్కమాంబ.

ఆ సాయంత్రం కోట వీధంతా టపటపలే.